అనంతపురం పీఠభూమి: ఆత్మల అన్వేషణ ఆటలకు నేపథ్యాలు

ఆత్మల జాడ వెతుక్కుంటూ సాగే వీడియో గేములకు ఎక్కువగా సముద్రతీరమే రంగస్థలం. పొగమంచు కమ్మిన రేవు, పాడుబడ్డ లైట్‌హౌస్, మునిగిన ఓడ, తీరానికి కొట్టుకొచ్చిన పెట్టె ఈ ఆటలకు అలవాటైన సరంజామా. రాయలసీమలోని అనంతపురం పీఠభూమికి సముద్రం లేదు, ఏడాది పొడవునా పారే నదీ లేదు. అయినా కొండకోటలు, చెరువు కట్టలు, సగంలో ఆగిన గుళ్లు, మూతపడ్డ గనులు, ఊరి పొలిమేరల్లోని శిలలు ఇక్కడ గాథలతో నిండి ఉన్నాయి. తీరప్రాంతపు కథలు నీటి ఉధృతిలోంచి పుడితే, ఇక్కడివి నీటి కొరతలోంచి పుట్టాయి. ఎన్నాళ్లో ఎదురుచూసిన నీరు ఒక్కసారిగా కట్ట తెంచుకున్న రాత్రుల్లోంచి కూడా పుట్టాయి. ఈ తేడాను పట్టుకుంటేనే ఇక్కడి స్థలాలు ఆటలో ప్రాణం పోసుకుంటాయి.

అనంతపురం జిల్లా 1882లో బళ్లారి జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. ఈ వ్యాసం రెండు జిల్లాలనూ కలిపి చూస్తుంది. కథల దారిలో తగిలే కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల స్థలాలను కూడా స్పృశిస్తుంది.

ఆటల ప్రక్రియ, తీరం నమూనా

ఈ తరహా ఆటల్లో పోరాటం తక్కువ, పరిశీలన ఎక్కువ. ఆటగాడు ఒక ఊరికి చేరుకుంటాడు, మనుషులతో మాట్లాడతాడు, పాత కాగితాలు చదువుతాడు, కెమెరాతోనూ శబ్దాలు పట్టే యంత్రాలతోనూ రాత్రిపూట తిరుగుతాడు. ఊరి చరిత్ర తెలిసేకొద్దీ ఆత్మ ఎవరిదో, దానికి ఏం కావాలో తేలుతుంది.

బ్రిటిష్ రూపకర్త జొనాథన్ బోక్స్ 2008లో విడుదల చేసిన ‘ది లాస్ట్ క్రౌన్’ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. అందులోని శాక్స్‌టన్ కల్పిత రేవు గ్రామం. దాని రూపురేఖలు మాత్రం ఇంగ్లండ్ నైరుతి తీరంలోని పోల్‌పెరో అనే అసలు ఊరివి. ఒడ్డును శత్రువుల నుంచి కాపాడడానికి పాతిపెట్టారని చెప్పే మూడు కిరీటాల ఐతిహ్యం దాని ఇతివృత్తం. అదే ఐతిహ్యంపై ఎం. ఆర్. జేమ్స్ 1925లోనే ఒక దెయ్యం కథ రాశాడు. ఆల్డ్‌బరో అనే తీరపట్టణాన్ని పేరు మార్చి అందులో వాడుకున్నాడు. 1993లో వచ్చిన ‘గాబ్రియేల్ నైట్’ మొదటి ఆట అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ వీధులను, శ్మశానాలను నేపథ్యం చేసుకుంది. కథ కల్పితమైనా కాలి కింది నేల నిజమైనది కావడమే వీటన్నిటి బలం.

తెలుగు తీరంలోనూ ఇటువంటి నేల ఉంది. భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు, 1864 తుపానులో సుమారు 30,000 మంది ప్రాణాలు పోయిన మచిలీపట్నం, ఆ తీరాన్ని ఆనుకుని తమిళనాడు వైపున్న పులికాట్‌లో అస్థిపంజరాల శిల్పాలున్న సమాధుల ద్వారం ఆ నమూనాకు నేరుగా సరిపోతాయి. పీఠభూమికి ఆ నమూనా సరిపోదు. ఇక్కడి నేల తీరే వేరు.

నేల, వాన

పడమటి కనుమల వానచాటున ఉండడం వల్ల నైరుతి రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి చిక్కిపోతాయి. బంగాళాఖాతపు తుపాను మేఘాలు ఇంత లోపలికి అరుదుగా వస్తాయి. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల వరుసలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అనంతపురం పేరే చెప్పడం పరిపాటి. ఎర్రనేలలు, గుండ్రాళ్ల గుట్టలు, వేరుశనగ చేలు, ఎండిన వంకలు ఇక్కడి సాధారణ దృశ్యం.

జిల్లా పడమటి అంచున హగరి అని పిలిచే వేదవతి ఏరు ఉంది. ఏడాదిలో ఎక్కువ భాగం దాని పడకలో ఇసుకే ఉంటుంది. ఆ ఇసుకను గాలి ఎత్తుకెళ్లి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల పొలాల మీద పోస్తుంది. దర్గా హొన్నూరు పరిసరాల్లో ఏర్పడ్డ తిన్నెలను ఫొటోలో చూసినవారు సముద్రం దగ్గరే ఉందనుకుంటారు. తీరపు దృశ్యం కావాలనుకునే ఆటకు ఈ పీఠభూమిలో అంతకంటే దగ్గరి చోటు లేదు. రైతు దున్నుకున్న సాళ్లు వేసవి గాలులకు తిన్నె కింద పూడిపోతాయి. ఊరినీ పొలాన్నీ మింగే శక్తిగా తీరపు కథల్లో సముద్రం ఉంటే, ఇక్కడ ఆ పాత్ర ఇసుకది.

1876–78 నాటి మహాకరువును సీమలో ధాత కరువు అంటారు. సీడెడ్ (నిజాం ధారాదత్తం చేసిన) జిల్లాలు దాని దెబ్బకు చితికిపోయాయి. 1950ల తొలినాళ్లలో వచ్చిన కరువు, గంజి కేంద్రాల వల్ల గంజి కరువుగా జ్ఞాపకంలో మిగిలింది. పీఠభూమి కథల్లోని చావులు ఎక్కువగా దాహంతోనూ ఆకలితోనూ ముడిపడి ఉండడానికి ఈ చరిత్రే కారణం.

ప్రధాన స్థలాలు

బుక్కరాయసముద్రం చెరువు

అనంతపురం పట్టణానికి ఆనుకుని ఉన్న ఈ చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరు వాగుకు అడ్డంగా కట్టించాడని చెబుతారు. కట్టకు రెండు కొసల్లో రెండు ఊళ్లు వెలిశాయి. ఒకటి బుక్కరాయసముద్రం, రెండోది అనంతసాగరం. రెండోదే నేటి అనంతపురం. జిల్లా కేంద్రం పుట్టుకే ఒక చెరువు కట్టతో ముడిపడి ఉంది.

ఆ కట్ట మీదిదే ముసలమ్మ కథ. ఎడతెగని వానలకు చెరువు నిండి గండి పడబోతుంది. ఊరు నిలవాలంటే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ఆహుతి కావాలని ఆకాశవాణి పలుకుతుంది. ఆమె అత్తమామల దగ్గర, భర్త దగ్గర సెలవు తీసుకుని గండిలోకి నడుస్తుంది. సి. పి. బ్రౌన్ సేకరించిన అనంతపుర చరిత్రలోని ఈ కథను కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థి దశలో ‘ముసలమ్మ మరణం’ అనే కావ్యంగా మలిచాడు. ఆధునిక తెలుగు ఖండకావ్యాల్లో దానికి తొలి స్థానం ఇస్తారు. కట్ట మీద ఆమెను ఇప్పటికీ కొలుస్తారు. ఆ చోటును ముసలమ్మ కట్ట అంటారు.

కొత్త కోట, వంతెన, ఆనకట్ట నిలబడాలంటే ప్రాణం బలి ఇవ్వాలన్న నమ్మకం ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. కన్నడ జానపదంలోని కెరెగె హార కూడా చెరువుకు కోడలిని ఇచ్చిన కథే. బుక్కరాయసముద్రం కథను గుచ్చి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఊరంతటిలో ఆ పేరే ఎందుకు వినిపించింది? మంచి అన్వేషణ ఆట ఈ ప్రశ్న నుంచే మొదలుకావాలి. ముసలమ్మ కోపంతో తిరిగే ఆత్మ కాదు. చెరువును కాపాడుతున్న దేవత. ఆటగాడు ఆమెను వెంటాడడానికి కాదు, ఊరు ఆమెకు పడ్డ బాకీ ఏమిటో తెలుసుకోవడానికి రావాలి.

గుత్తి కోట

చుట్టూ ఉన్న మైదానం మీద సుమారు 300 మీటర్ల ఎత్తున లేచిన బండకొండపై గుత్తి కోట ఉంది. శంఖం ఆకారంలో కట్టారని చెబుతారు. చాళుక్యుల కాలపు శాసనాలు ఇక్కడి బండల మీద ఉన్నాయి. విజయనగర రాజుల తర్వాత చేతులు మారుతూ 18వ శతాబ్దిలో మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడేకు స్థావరమైంది. కొండ అంచున ఆయన కూర్చునేవాడని చెప్పే చిన్న మండపాన్ని నేటికీ మురారిరావు గద్దె అంటారు. అక్కడ నిలబడితే ఒకవైపు ఊరి కప్పులు, మరోవైపు నిట్టనిలువు లోయ కనిపిస్తాయి.

1776లో హైదర్ అలీ ముట్టడికి కోట లొంగింది. గోడలు బద్దలై కాదు, లోపల నీళ్లు అయిపోయి. మురారిరావు బందీగా కబ్బాళదుర్గానికి వెళ్లి అక్కడే చనిపోయాడు. కొండ మీద బావులూ కొలనులూ ఎన్ని ఉన్నా ముట్టడి నెలలు గడిస్తే చాలలేదు. కోట పటాన్ని ఆటలో గీసేవారు గోడలకంటే ముందు ఆ బావులను గుర్తించాలి. ఏ బావి ఎప్పుడు ఎండిందో తెలిస్తే కోట ఎలా పడిపోయిందో తెలుస్తుంది.

గుత్తికి దగ్గర్లోని గుంతకల్లులో 1893లో జరిగిన ఘటన కూడా ప్రజల జ్ఞాపకంలో ఉంది. బ్రిటిష్ సైనికుల బారి నుంచి ఇద్దరు స్త్రీలను కాపాడబోయిన రైల్వే గేటు కాపలాదారు హంపన్న తుపాకీ గుండుకు బలయ్యాడు. కాల్చిన సైనికుడు శిక్ష పడకుండా బయటపడ్డాడు. గుత్తి న్యాయవాది, పత్రికారచయిత కేశవపిళ్లె ఈ అన్యాయాన్ని లోకానికి చాటాడు. న్యాయం దక్కని చావు ఏ ఆత్మల కథకైనా మూలధాతువు. హంపన్న విషయంలో అది కల్పన కాదు, చరిత్ర.

లేపాక్షి

శ్రీ సత్యసాయి జిల్లాలోని లేపాక్షి వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కూర్మశైలమనే గుట్ట మీద కట్టించారు. రాజ్య కోశాధికారి అయిన విరూపణ్ణ రాజుగారి సొమ్ము గుడికి వాడాడన్న అభియోగం వచ్చిందనీ, శిక్ష తెలిసి తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడనీ స్థలపురాణం. అసంపూర్తి కల్యాణ మండపం దగ్గరి గోడ మీద రెండు ఎర్రటి మరకలను నేటికీ చూపిస్తారు. పైకప్పు లేని ఆ మండపంలో శివపార్వతుల పెళ్లికి వచ్చిన దేవతలు స్తంభాల మీద బారులు తీరి ఉంటారు. పని ఏ రోజు ఆగిందో అలాగే ఉండిపోయిన చోటు అది.

ముఖమండపంలోని స్తంభాల్లో ఒకటి నేలను పూర్తిగా తాకదు. యాత్రికులు తుండుగుడ్డనో చీర కొంగునో దాని అడుగున ఒక పక్క నుంచి తోసి మరో పక్క నుంచి లాగుతారు. ఒక మూల మాత్రం గుడ్డ తట్టుకుంటుంది, అక్కడ రాయి నేలను ఆనుకుని ఉంది. బ్రిటిష్ కాలపు ఇంజనీరొకరు దాన్ని కదిలించబోతే పైకప్పు కదిలిందని చెప్పుకుంటారు. చేత్తో తాకి తేల్చుకోగల ఇటువంటి వింత ఆట రూపకర్తకు సిద్ధంగా ఉన్న చిక్కుముడి. బయట బండ మీది పాదముద్ర సీతమ్మదంటారు, అందులో ఎప్పుడూ తడి ఉంటుందని చెబుతారు. ఊరి చివర సుమారు 8 మీటర్ల పొడవున్న ఏకశిలా నంది గుడివైపు చూస్తూ ఉంటుంది.

తిమ్మమ్మ మర్రిమాను, పెనుకొండ

కదిరి దిక్కున గూటిబయలులో ఉన్న తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాని కొమ్మలు సుమారు 5 ఎకరాలను కప్పుతాయి. ఊడలు వందలకొద్దీ దిగాయి. 1434లో తిమ్మమ్మ భర్త చితిపై సహగమనం చేసిందనీ, చితికి నాటిన గుంజ చిగిర్చి ఈ చెట్టు అయిందనీ ఐతిహ్యం. పిల్లలు లేనివారు ఇక్కడ మొక్కుకుంటారు. లోపలికి నడిస్తే ఏది మొదటి మాను, ఏది ఊడ అన్నది తెలియదు. దారి తప్పించడానికి ఆటకు వేరే మాయ అక్కర్లేదు.

పెనుకొండ 1565 నాటి తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయింది. గగన్ మహల్, కొండ మీది కోట, జైన పార్శ్వనాథ ఆలయం ఆ ఊళ్లోనే ఉన్నాయి. అక్కడి బాబయ్య దర్గాకు హిందువులూ ముస్లిములూ వస్తారు. గురువు ఇచ్చిన ఎండుపుల్ల ఎక్కడ చిగిరిస్తే అక్కడ ఆగమన్నాడనీ, అది పెనుకొండలో చిగిర్చిందనీ బాబయ్య కథ.

ఈ రెండు గాథలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి హిందూ స్త్రీది, ఒకటి సూఫీ ఫకీరుది. రెండింట్లోనూ మహిమ ఒక్కటే: ఎండిన కర్ర చిగిర్చింది. వాన కోసం ఆకాశం చూసే నేలలో అంతకు మించిన అద్భుతాన్ని ఎవరు మాత్రం ఊహించగలరు?

తాడిపత్రి, వజ్రకరూరు, రామగిరి

పెన్న ఒడ్డున తాడిపత్రిలోని బుగ్గ రామలింగేశ్వరాలయంలో శివలింగం దగ్గర ఊట నీరు ఊరుతూనే ఉంటుంది. నది ఎండినప్పుడు కూడా ఆ నీరు ఆగదని భక్తులు చెబుతారు. అక్కడి గోపురాలు పూర్తి కాలేదు. అక్కడికి దగ్గర్లోనే, నంద్యాల జిల్లాలో, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేసిన బెలుం గుహలున్నాయి. 1980ల తొలినాళ్లలో జర్మన్ బృందం వాటిని కొలిచింది. 3,229 మీటర్ల సొరంగాలవి. భూమి పైన లేని నీరే భూమి లోపల సున్నపురాయిని కరిగించి ఆ దారులు చేసింది.

వజ్రకరూరు దగ్గర వజ్రాలు దొరికే కింబర్లైట్ శిలలు ఉన్నాయి. తొలకరి వానకు పైమట్టి కొట్టుకుపోగానే, రాయి మెరుస్తుందన్న ఆశతో జనం చేలల్లో వంగి వెతుకుతారు. దగ్గర్లోని కొనకొండ్ల జైనాచార్యుడు కుందకుందుడి ఊరిగా ప్రసిద్ధి. అక్కడి రససిద్ధుల గుట్టకు లోహాన్ని బంగారం చేసే సిద్ధుల కథలు ముడిపడ్డాయి. రామగిరిలో 20వ శతాబ్ది తొలి దశకాల్లో బ్రిటిష్ కంపెనీ బంగారం తవ్వింది. తర్వాత ప్రభుత్వ రంగ సంస్థ తవ్వకాలు మళ్లీ మొదలుపెట్టి ఆపేసింది. పాత గని బావులు ప్రాణాపాయమైనవి. వాటిని తెర మీద చూడాలే తప్ప నిజంగా దిగకూడదు.

మన్రో: ఒక మనిషి, మూడు స్థలాలు

పీఠభూమి కథల్లో తరచూ కనిపించే దొర థామస్ మన్రో. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాక 1807 దాకా కలెక్టరుగా ఇక్కడే పనిచేశాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు.

మొదటి గాథ మంత్రాలయానిది. మఠం మాన్యం విషయం తేల్చడానికి వచ్చి, చెప్పులూ టోపీ తీసి బృందావనం ముందు నిలబడి, 1671లో జీవసమాధి అయిన రాఘవేంద్రస్వామితో మాట్లాడాడట. పక్కనున్నవారికి ఎవరూ కనిపించలేదు. బళ్లారి గెజిటీర్ ఈ కథను పేర్కొంది. రెండోది కడప జిల్లా గండిలోది. 1827లో పాపాఘ్ని గండి గుండా వెళ్తూ రెండు కొండల మధ్య వేలాడే బంగారు తోరణం చూశాడట. అది చావు దగ్గరపడినవారికే కనిపిస్తుందని పెద్దలు చెబుతారు. మూడోది గాథ కాదు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మన్రో మరణించాడు. గుత్తిలో పాతిపెట్టారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు.

ఒకే మనిషి చుట్టూ సాక్ష్యం ఉన్న చరిత్ర, సాక్ష్యం లేని గాథ ఇంత దగ్గరగా అల్లుకున్న సందర్భాలు తక్కువ. ఏది కాగితంలో ఉంది, ఏది నోటిమాట అన్నది వేరుచేయడమే ఆటగాడి పని అయితే, మన్రో దారి చక్కటి కథాక్రమం ఇస్తుంది.

ఊరి నమ్మకాల్లో చనిపోయినవారు

ఇక్కడ చనిపోయినవారు రెండు రకాలుగా తిరిగి వస్తారు. కాలం తీరకుండా పోయినవారు గాలిగా సోకుతారని, కొరివి దెయ్యాలవుతారని నమ్ముతారు. అందుకు అంత్రాలు కట్టించుకుంటారు, భూతవైద్యుల దగ్గరకు వెళ్తారు. ఊరి కోసం ప్రాణమిచ్చినవారు మాత్రం పేరంటాళ్లవుతారు, వీరులవుతారు. వారికి గుడి కడతారు, ఏటా పొంగళ్లు పెడతారు.

రెండో తరగతికి రాతి సాక్ష్యాలే వీరగల్లులు. సాధారణంగా ఒకే పలక మీద అరలుగా చెక్కుతారు. అడుగున పోరాటం, దాని పైన వీరుణ్ణి ఎత్తుకుపోయే అప్సరసలు, పై అరలో కైలాసం. సతీకల్లు మీద గాజులు తొడిగిన చెయ్యి పైకెత్తి ఉంటుంది. పేరు అరిగిపోయినా చెయ్యి మిగిలిన రాళ్లు ఊరి పొలిమేరల్లో ఎన్నో. ఆటలో ఆధారాలు సేకరించడానికి ఇంతకంటే నిజమైన వస్తువు దొరకదు: అది చదవగల రాయి, ఒక మరణం గురించిన వాంగ్మూలం.

నార్పల మండలం గూగూడులో కుళ్లాయస్వామి పీర్ల పండుగకు హిందువులూ ముస్లిములూ కలిసి వస్తారు, అగ్నిగుండం చుట్టూ జాగారం చేస్తారు. అమరుల కోసం శోకించే ఈ రాత్రులు ఊరి క్యాలెండరులో చావుకు దొరికిన గౌరవస్థానం.

తెర మీద ముందడుగు

అసలు స్థలం కల్పిత కథకు ఇల్లయిన తీరు సీమకు కొత్త కాదు. 2009లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన ‘అరుంధతి’ కథ గద్వాల సంస్థానానిది. తెర మీద కనిపించిన బంగళా మాత్రం బనగానపల్లె నవాబులది. సినిమా తర్వాత జనం దాన్ని అరుంధతి బంగళా అనే పిలుస్తున్నారు. కట్టినవారి పేరు వెనక్కిపోయి, కల్పిత పాత్ర పేరు గోడలకు అతుక్కుంది. జనాకర్షణ దీని లాభం. చరిత్ర చెరిగిపోవడం దీని నష్టం. పుణెలోని ఒక సంస్థ 2020లో విడుదల చేసిన ‘రాజీ’ ఆట రాజస్థానీ వాస్తుశైలిని ప్రపంచానికి చూపింది. సీమ స్థలాలకు అటువంటి శ్రద్ధ దక్కవలసి ఉంది.

ఆటగా మలిచేవారు గమనించవలసినవి

లేపాక్షి, గుత్తి కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం వాటికి వర్తిస్తుంది. చిత్రీకరణకు అనుమతి తప్పనిసరి. రాత్రిపూట కోటలు ఎక్కడం, గోడల మీద రాయడం, గుప్తనిధుల ఆశతో తవ్వడం ఇప్పటికే వీటిని గాయపరిచాయి. తెర మీది అన్వేషణ ఆ దుస్సాహసాలకు ప్రత్యామ్నాయం కావాలి, ప్రోత్సాహం కారాదు.

తిమ్మమ్మ కథ మరింత జాగ్రత్త కోరుతుంది. 1987 నాటి సతీ నిరోధక చట్టం సతిని కీర్తించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. చెట్టు మహిమను చెబుతూనే ఆమె చావుకు వెనక ఉన్న ఒత్తిడిని దాచకుండా చెప్పడం కథకుడి బాధ్యత. ముసలమ్మ విషయంలోనూ అంతే. భక్తుల నమ్మకాన్ని హేళన చేయకూడదు. బలిని అందంగా చూపి, ఆమె పేరే ఎందుకు వినిపించిందన్న ప్రశ్న నుంచి తప్పించుకోనూ కూడదు.

తీరపు ఆటల్లో ఆత్మను పట్టడమో, పంపేయడమో ముగింపు. పీఠభూమి కథలకు ఆ ముగింపు నప్పదు. ముసలమ్మను పంపేస్తే కట్ట ఎవరు కాస్తారు? హంపన్న జ్ఞాపకాన్ని మూసేస్తే ఎవరికి మేలు? ఇక్కడ పాతకాలపు మనుషులు ఊరితో లెక్క తేలనివారు. వారికి కావలసింది ఎవరో ఒకరు వచ్చి ఆ లెక్క పూర్తిగా చదవడం. ఆడేవారి చేత ఆ పని చేయించగలిగిన ఆట, గాథలను కాపాడడంతోపాటు చెరువులు, బావులు, కట్టలు ఈ నేలకు ఎంత ఖరీదైనవో కూడా నేర్పుతుంది. అనంతపురానికి ఆ పాఠం ఇప్పటికీ అవసరమే.